చెయ్యి బలం ఉంటే చాలనుకున్నాను

ఏలూరులో కాలేజీ రోజుల్లో నన్ను ఎప్పుడూ డీప్ మిడ్‌వికెట్‌లోనే నిలబెట్టేవాళ్లు. బ్యాటింగ్ అంతంత మాత్రం, బౌలింగ్ రాదు. కానీ బౌండరీ దగ్గర నుంచి విసిరితే బంతి నేల తాకకుండా కీపర్ చేతుల్లో పడేది. ఇన్నేళ్ల తర్వాత ఇక్కడ టెక్సాస్‌లో, డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో, ఆ విసురుడే నన్ను ఇరికించింది. మా ఆఫీసు వాళ్లు శనివారాలు ఫ్లాగ్ ఫుట్‌బాల్ ఆడదామని టీమ్ కట్టారు. క్రికెట్ గ్రౌండ్‌లో నా త్రో చూసినవాళ్లంతా "క్వార్టర్‌బ్యాక్ నువ్వే" అన్నారు, అంటే జట్టులో బంతి విసిరేవాడిని నేనే. నాకప్పటికి 37 ఏళ్లు. టీవీలో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్ఎఫ్ఎల్ చూడటం తప్ప ఆ బంతి పట్టుకున్నది లేదు.

ఫ్లాగ్ ఫుట్‌బాల్ అంటే మీద పడి కూల్చేసే ఆట కాదు. నడుముకు వేలాడే జెండా పీకేస్తే అక్కడితో ఆ ఆట ఆగిపోతుంది. 2028 లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్‌లో కూడా పెడుతున్నారు. జట్టుకు ఐదుగురు. మా లీగ్‌లో క్వార్టర్‌బ్యాక్ చేతికి బంతి వచ్చాక ఏడు సెకన్లలో విసిరెయ్యాలి. ఏడు గజాల అవతల నుంచి ఒకడు మన మీదికి పరిగెత్తుకొస్తుంటాడు. ఏడు సెకన్లంటే బోలెడు టైమనిపిస్తుంది కదా? వాడు మూడో సెకనుకే మన ముందుంటాడు.

మొదటి మూడు మ్యాచ్‌ల్లో ఎనిమిది బంతులు అవతలి జట్టుకు అప్పజెప్పాను. బంతిలో వేగం లేక కాదు. బేస్‌బాల్ ఆడే కొలీగ్ రాడార్ గన్ తెచ్చి చూస్తే గంటకు 50 మైళ్లు దాటింది. ఆ బంతులు పట్టుకుని మా వాళ్ల వేళ్లు వాచిపోయేవి. అయినా ప్రతిసారీ నా బంతి వెళ్లేసరికి అక్కడ అవతలివాడి చెయ్యి ఉండేది. నాకు తట్టిన మందు ఒక్కటే: ఇంకా గట్టిగా విసరడం. నెల రోజులు జిమ్‌లో కష్టపడ్డాను. మిగిలింది భుజం నొప్పి, దానికి రాసుకునే జెండూబామ్. "ఈ వయసులో మీకెందుకండీ ఇవన్నీ" అని మా ఆవిడ అననే అంది.

దారి చూపించింది మాకు సాయంగా వచ్చే ఒక పెద్దాయన. హైస్కూల్ కోచ్‌గా చేసి రిటైరయ్యారు. ఆయన నా బలం గురించి ఒక్క మాటా అనలేదు. నా ఫోన్ తీసుకుని స్లో మోషన్‌లో, సెకనుకు 240 ఫ్రేములు పడేలా, పక్కనుంచి వీడియో తీశారు. "ఇంటికెళ్లి లెక్కపెట్టు. చెయ్యి కదలడం మొదలైనప్పటి నుంచి బంతి వదిలేదాకా" అన్నారంతే.

ఆ రాత్రి భోజనాలయ్యాక నేనూ మావాడూ సోఫాలో కూర్చుని ఫ్రేము ఫ్రేము జరిపాం. 151 వచ్చింది. అంటే సెకనును వంద వంతులు చేస్తే అందులో 63 వంతులు. వీడియోలో నన్ను నేను చూసుకుంటే సిగ్గేసింది. విసరాలని అనుకోగానే నా చెయ్యి ముందు కిందకి, తొడ దాకా దిగుతోంది. అక్కడి నుంచి వెనక్కి పెద్ద గుండ్రం తిరిగి అప్పుడు పైకొస్తోంది. అచ్చంగా బౌండరీ దగ్గరి త్రో. 160 గ్రాముల క్రికెట్ బంతిని 70 గజాలు పంపడానికి అది పనికొస్తుంది. 400 గ్రాముల బంతిని 15 గజాలు పంపడానికి ఆ ఊరేగింపంతా దేనికి? పైగా నా చెయ్యి దిగిందంటే "ఇదిగో విసురుతున్నా" అని అవతలి వాళ్లకు చాటింపు వేసినట్టే.

తర్వాత కాగితం మీద లెక్క వేశాను (ఇంజినీరింగ్ చదువు ఇలాంటప్పుడైనా అక్కరకు రావాలి). గాలి అడ్డును పక్కన పెడితే, గంటకు 50 మైళ్ల బంతి 15 గజాలు పోవడానికి సెకనులో 61 వంతులు పడుతుంది. 45 మైళ్లదైతే 68. నేను జిమ్‌లో చచ్చీచెడీ సంపాదించాలనుకున్న ఆ 5 మైళ్ల విలువ సెకనులో ఏడు వంతులు! సెకనుకు ఏడు గజాలు పరిగెత్తేవాడు ఆలోగా అర గజం వస్తాడు. ఆ తొడ దగ్గరి గుండ్రం మానేస్తే అంతకు రెండింతలు మిగిలేలా కనిపించింది.

మాన్పించడానికి పెద్దాయన వాడింది పార్కు కంచె. కంచెకు వీపు పెట్టి అడుగు దూరంలో నిలబడి విసరాలి. చెయ్యి దిగి వెనక్కి వెళ్లిందా, వేళ్లు ఇనుప వైరుకు కొట్టుకుంటాయి. మొదటి వారం మెటికలన్నీ గీరుకుపోయాయి. బంతిని రెండు చేతులతో ఛాతీ ఎత్తున పట్టుకోవడం, ఎడమ చేత్తో దాన్ని వెనక్కి నెట్టడం, ముందు పాదం చిన్నగా వెయ్యడం, చేసిందింతే. ఆరు వారాలకు 108 ఫ్రేములకు వచ్చాను. 45 వంతులు.

ఇంత చేసినా ఇంటర్‌సెప్షన్లు, అదే నా బంతులు అవతలివాళ్లకు చిక్కడం, తగ్గాయే తప్ప ఆగలేదు. ఎందుకంటే, బంతి అందుకోవాల్సిన రిసీవర్ ఖాళీగా కనిపించాకే నేను విసురుతున్నాను. క్రికెట్‌లో స్టంప్స్ ఎక్కడికీ పోవు, చూసి కొట్టొచ్చు. ఇక్కడ మనిషి ఇంకా రాని చోటికి బంతి వెయ్యాలి. నాకు ఏలూరు పాత బస్టాండు గుర్తొచ్చింది. బస్సు ఆగాక రుమాలు వేస్తే సీటు దక్కుతుందా? బస్సు మలుపు తిరుగుతుండగానే, కిటికీ ఎక్కడికి వచ్చి ఆగుతుందో చూసుకుని అక్కడ సిద్ధంగా ఉండి వెయ్యాలి. పెద్దాయనకు ఇదంతా వివరించడానికి పది నిమిషాలు పట్టింది. అర్థమయ్యాక మాత్రం ఆయన పడీపడీ నవ్వారు.

మా రిసీవర్ కరీంనగర్ తమ్ముడు, ఎమ్మెస్ అయి కొత్తగా ఉద్యోగంలో చేరాడు. వాడితో మంగళ, గురువారాలు సాయంత్రం ఒకటే రూట్ వేశాం. వాడు నేరుగా పది గజాలు పరిగెత్తి, ఎడమ కాలు నేలకు తన్ని కుడివైపు తిరుగుతాడు. ఆ కాలు నేలకు తగలక ముందే బంతి నా చేతిలోంచి వెళ్లిపోవాలి. మొదటిరోజు వాడు తల తిప్పేసరికి బంతి మొహం మీదే ఉంది. "అన్నా, నేను తిరగకముందే ఏసినవేందే!" అని ముక్కు పట్టుకున్నాడు. అదే కావాలి తమ్ముడూ అంటే నమ్మలేదు. మూడు వారాల పాటు వాడి అడుగులు లెక్కపెట్టి పెట్టి, చివరికి కళ్లు మూసుకున్నా తెలిసేది. ఇంకోటి కూడా నేర్చుకున్నాను: రిసీవర్‌ని కాదు, అతన్ని కాపలా కాసేవాడి నడుము చూడాలి. ఆ నడుము ఒకసారి వెనక్కి తిరిగిందా, వాడు వెంటనే ఇటు రాలేడు. అలా ముందే వదిలేస్తే అర సెకను మిగులుతుంది. లెక్కలో మూడున్నర గజాలు.

అప్పటి నుంచి పాత మ్యాచ్‌ల వీడియోలు వేరే కళ్లతో చూస్తున్నాను. 2007 డ్రాఫ్ట్‌లో (ఎన్ఎఫ్ఎల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునేది) మొట్టమొదట ఎంపికైన క్వార్టర్‌బ్యాక్ జమార్కస్ రసెల్ చెయ్యి అలాంటిలాంటిది కాదు. మూడు సీజన్లకే ఎన్ఎఫ్ఎల్‌లో కనపడకుండా పోయాడు. ఇంకో క్వార్టర్‌బ్యాక్ పేటన్ మానింగ్ మెడ ఆపరేషన్లతో 2011 సీజన్ మొత్తం ఆడలేదు. తిరిగొచ్చాక బంతిలో పాత ఊపు లేదు. అయినా 2013లో విసిరిన బంతులతోనే 5,477 గజాలు, 55 టచ్‌డౌన్‌లతో (బంతిని చివరి గీత దాటించే స్కోర్లు) రికార్డులు రాశాడు. పాతతరం క్వార్టర్‌బ్యాక్ డాన్ మరీనో సంగతి వేరు, అతనికి బలమూ ఉంది, రెప్పపాటులో బంతి వదిలే చెయ్యీ ఉంది.

అలాగని బలం దండగ అనను. ఎన్ఎఫ్ఎల్ మైదానంలో ఒక పక్క హ్యాష్ మార్క్ (మైదానం లోపల వరుసగా ఉండే చిన్న గీతలు) నుంచి అవతలి పక్క గీత దాకా పక్కకే దాదాపు 30 గజాలు. అంత దూరం బల్లపరుపుగా బంతి వెయ్యాలంటే కండ ఉండాల్సిందే. టెక్సాస్ ఎదురుగాలిలో నాకే అది చాలాసార్లు పనికొచ్చింది. క్వార్టర్‌బ్యాక్ పాట్రిక్ మహోమ్స్ పరిగెత్తుతూ, ఒంటికాలి మీద వేసే బంతులు వట్టి అంచనాతో వెళ్లవు. నా విషయంలో మాత్రం బలం చేసింది ఒకటే. ఆలస్యాన్ని సర్దుకోవచ్చనే ధీమా ఇచ్చింది.

సెమీఫైనల్లో, చివరి నిమిషంలో అదే రూట్ పిలిచాను. కాపలావాడి నడుము తిరిగింది, బంతి వదిలేశాను. అప్పుడే తమ్ముడి ఎడమ కాలు తడిగడ్డి మీద జారింది. వాడు కింద పడ్డాడు, బంతి నేరుగా వెళ్లి అవతలివాడి ఒళ్లో పడింది. ఓడిపోయాం. పెద్దాయన దగ్గరికొచ్చి, "మళ్లీ అదే పరిస్థితి వస్తే ఏం చేస్తావ్?" అని అడిగారు. అలాగే వేస్తానన్నాను. తల ఊపి, కూలర్ మోసుకుంటూ కారు వైపు వెళ్లిపోయారు. రాత్రి మావాడు ఆ వీడియో లెక్కపెట్టాడు. 104.