డబ్బు ఎవరిదైనా, ఎజెండా ఎవరిది?

విదేశీ సొమ్ము అనగానే మొహం చిట్లించేవాళ్లని చూస్తే నాకు మహిళా సమత గుర్తొస్తుంది. 1986 జాతీయ విద్యా విధానం నుంచి పుట్టిన మహిళా సమాఖ్య పథకానికి మొదట్లో డబ్బిచ్చింది నెదర్లాండ్స్ ప్రభుత్వం, మన దగ్గరకి అది 1993లో మహిళా సమత అనే పేరుతో వచ్చింది. కుట్టుమిషన్లు పంచడం దాని పని కాదు. ఊళ్లో ఆడవాళ్లు సంఘంగా కూర్చుని బాల్య వివాహాలు, కూలి రేట్లు, కొట్టే మొగుళ్లు, వీటిలో ముందు ఏది మాట్లాడాలో వాళ్లే తేల్చుకోవాలి.

తర్వాత 2000లో ప్రపంచ బ్యాంకు అప్పుతో ‘వెలుగు’ అనే పేదరిక నిర్మూలన పథకం వచ్చింది (గ్రాంటు కాదండోయ్, తిరిగి కట్టాల్సిందే). పొదుపు, బ్యాంకు లింకేజీ (గ్రూపులకి బ్యాంకు అప్పులిప్పించడం), గ్రామ సంఘం, మండల సమాఖ్య అన్నీ ఒక గొలుసులా కలిశాయి. మంచిదే. కానీ మా అమ్మ పొదుపు గ్రూపు మీటింగుల్లో నేను విన్నదల్లా కిస్తీ టెన్షనే, కొట్టే మొగుడి సంగతి ఎప్పుడూ చర్చకే రాలేదు.