పలక వెల, అందులోని రాళ్ల వెల

గోదావరి డెల్టాలో పుట్టి పెరిగిన వాళ్లకు రాయి అరుదైన వస్తువే. ధవళేశ్వరం ఆనకట్ట దాటిన తరువాత సముద్రం దాకా నేలంతా ఒండ్రుమట్టి, ఇసుక; ఇంటి పునాదికి వేసే కంకర సైతం గౌరీపట్నం, పంగిడి క్వారీల నుంచి లారీ ఎక్కి రావలసిందే. నాకు రంగురాళ్లను సాన పట్టే అలవాటు ఇసుక గుట్టల దగ్గర అబ్బింది. గోడల పూతకని గోదావరి ఒడ్డున ఇసుక తీసే ర్యాంపు నుంచి తెచ్చిన ఇసుకను జల్లిస్తే జల్లెడలో మిగిలే గులకల్లో, ఎర్రని జాస్పర్లు, తేనెరంగు అగేట్లు అనే రంగురాళ్లు కనిపిస్తూనే ఉంటాయి. అవి మన నేలలో పుట్టినవి కావు. సుమారు 6.6 కోట్ల సంవత్సరాల కిందట దక్కను పీఠభూమి మీద పరుచుకున్న లావాలోని బొరియల్లో సిలికా పొరలు పొరలుగా పేరుకొని ఏర్పడిన రాళ్లను నది అక్కడి నుంచి దొర్లించుకుని వచ్చింది. (మన పంగిడి, కాతేరు దగ్గరి నల్లరాయి కూడా ఆ లావాయేననీ, అది దాదాపు వెయ్యి కిలోమీటర్లు పారి వచ్చిందనీ భూగర్భ శాస్త్రజ్ఞులు చెబుతారు.) అయితే నది తెచ్చిన గులక నిమ్మకాయంత ఉంటే గొప్ప. దాని పైపొర నిండా దొర్లినప్పుడు తగిలిన దెబ్బల గుర్తులు, గోటి ముద్రల వంటి వంకర పగుళ్లు ఉంటాయి. కాస్త పెద్ద లాకెట్టు చేయాలన్నా, ఒకే పోలికగల జత దుద్దులు చేయాలన్నా గుజరాత్‌లోని ఖంభాత్ నుంచో జైపూర్ నుంచో కోసిన రాతి పలకలు తెప్పించుకోక తప్పదు. ఆ పలకకు ఎంత ఇవ్వవచ్చో తేల్చుకోవడం సాన పట్టడం కంటే కష్టమైన పని అని నా అభిప్రాయం.

అమ్మేవారు పలకను తూకానికి అమ్ముతారు. కొనేవారు మాత్రం అందులోంచి దిగే పూర్తయిన రాళ్ల లెక్కన కొనాలి. ఈ రెండు లెక్కలకూ ఎంత దూరమో ఒక ఉదాహరణ చెబుతాను. 10 సెంటీమీటర్ల పొడవు, 7 సెంటీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న అగేట్ పలక సుమారు 110 గ్రాములు తూగుతుంది. గ్రాము 5 రూపాయలు అనుకుంటే దాని ఖరీదు 550 రూపాయలు. లాకెట్టుకు సరిపోయే 30×22 మిల్లీమీటర్ల కోడిగుడ్డు ఆకారపు రాళ్లను, చుట్టూ బ్లేడు కోతకూ అరుగుదలకూ చోటు వదిలి, పలక వెడల్పు వెంబడి నిలువుగా అమర్చితే ఎనిమిది పడతాయి. అప్పుడు ఒక్కొక్క రాయికి ముడిసరుకు 70 రూపాయల లోపే. అదే పలకలో మూల నుంచి మూలకు ఒక పగులు పోయి మూడు రాళ్లే దిగాయనుకోండి, ఒక్కొక్కటి 180 రూపాయలు దాటుతుంది. తూకం మారలేదు, ధర మారలేదు, పలక అందమూ చూపులకు మారలేదు. ఇంకో సంగతి: ఎనిమిదీ దిగినా వాటి మొత్తం బరువు పలక బరువులో సగానికి అటూ ఇటూగా ఉంటుందే తప్ప ఎక్కువ ఉండదు, మిగిలినది తునకలుగానూ సాన కింద బురదగానూ పోతుంది. పచ్చని రాగి ఖనిజమైన మాలకైట్ వంటి బరువైన రాయి విషయంలో తూకపు ధర మరింత మోసం చేస్తుంది. అదే కొలతల మాలకైట్ పలక 160 గ్రాముల వరకు తూగుతుంది కాబట్టి గ్రాము ధర ఒకటే అయినా అక్కడ ప్రతి రాయికీ దాదాపు ఒకటిన్నర రెట్లు చెల్లిస్తున్నట్లే. అందుకే ధర అడిగే ముందు నేను పొడవు, వెడల్పు, మందం అడుగుతాను.

పలకలోని అందం కూడా మొత్తంగా చూస్తే ఒకలా, బొటనవేలి గోరంత చోటులో చూస్తే మరొకలా ఉంటుంది. నా దగ్గర శుభలేఖ అట్ట ముక్క ఒకటి ఉంది. దానికి 30×22, 25×18, 18×13 మిల్లీమీటర్ల కన్నాలు కోసి పెట్టుకున్నాను. దానిని పలక మీద మెల్లగా జరుపుతూ కన్నంలోంచి మాత్రమే చూస్తాను. అరచేయంత పలక మీద కొండలూ మేఘాలూ కనిపించిన చోట, కన్నంలోంచి ఉత్త గోధుమరంగు మచ్చ మాత్రమే కనిపించడం మామూలు. దీనికి మన పక్కనే మంచి నిదర్శనం ఉంది. ఒంగోలు దగ్గర చీమకుర్తిలో తీసే బ్లాక్ గెలాక్సీ గ్రానైటుకు ప్రపంచమంతటా గిరాకీ. నల్లని నేల మీద బ్రాంజైట్ ఖనిజపు బంగారు చుక్కలు వంటింటి గట్టు మీద నక్షత్రాల్లా మెరుస్తాయి. గట్టు పని అయ్యాక మేస్త్రీలు పారేసే ముక్కలు ఉచితంగా దొరుకుతాయి. అయితే ఉంగరపు రాయిగా కోస్తే ఆ చుక్కలు రెండో మూడో పడతాయి, ఒక్కోసారి అంచున ఒకటి మాత్రమే పడుతుంది. అదే రాయి పెద్ద లాకెట్టుగా బాగుంటుంది. ఉచితంగా దొరికిన పలకకైనా ఇది ఏ సైజు రాయికి పనికివస్తుందన్న ప్రశ్న తప్పదు. దీనికి పూర్తిగా ఎదురు చివర ఉన్నది, ఉత్తరప్రదేశ్‌లోని బాందా దగ్గర కేన్ నదిలో దొరికే శజర్ రాయి. అందులో చెట్టుకొమ్మల వంటి నల్లని గీతలు ఎంత సన్నగా ఉంటాయంటే, చిన్న రాయిలో కూడా ఒక చెట్టు మొత్తం ఇమిడిపోతుంది. అటువంటి పలక చిన్నదైనా ఎక్కువ ఇవ్వడానికి నేను వెనకాడను.

ఇక పగుళ్లు. నా దృష్టిలో పలక వెలను నిర్ణయించే వాటిలో మొదటి స్థానం వీటిదే. దుకాణదారు పలకను నీళ్లలో ముంచి చూపిస్తాడు, ఫొటోలు కూడా తడిగా ఉన్నప్పుడే తీస్తాడు. తడి రాయి మెరుగు పెట్టిన రాయిలాగే కనిపిస్తుంది కాబట్టి రంగు తెలుసుకోవడానికి అది న్యాయమైన పద్ధతే. కానీ పగుళ్లు ఆ తడిలోనే దాక్కుంటాయి. పలకను బాగా తడిపి, మెత్తని గుడ్డతో పైతడి అద్ది, కిటికీ దగ్గర వాలుగా నిలబెట్టి చూస్తూ కూర్చోవాలి. ముందు రాయి ముఖమంతా మసకబారి పాలిపోతుంది. ఆ పాలిపోయిన ముఖం మీద, వెంట్రుకంత సన్నని ముదురు గీత ఒకటి ఆరకుండా నిలిచి ఉంటే, నీరు లోపలికి దిగిన పగులు అదే. కాసేపు అది అలాగే ఉండి, చివరల నుంచి మధ్యకు మెల్లగా ఆరుతూ వస్తుంది. అన్నిటికంటే ఆలస్యంగా ఆరిన చోట పగులు అన్నిటికంటే లోతు. ఆ గీత కనబడుతున్నప్పుడే పెన్సిలుతో దాని వెంట గుర్తు పెట్టుకోవాలి, ఎందుకంటే పూర్తిగా ఆరిన తరువాత వెతికినా దొరకదు. శ్రావణ భాద్రపదాల్లో మన గాలిలోనే అంత తడి ఉంటుంది కనుక ఫ్యాను కింద పెడితే గానీ ఈ పరీక్ష తేలదు.

అయితే కనిపించిన గీతలన్నీ పగుళ్లు కావు. పూర్వం ఎప్పుడో పగిలి, మళ్లీ సిలికాతో పూడిపోయిన చారలు అగేట్‌లోనూ జాస్పర్‌లోనూ చాలా ఉంటాయి. అవి నీటిని పట్టి ఉంచవు, గోటితో గీరితే గోరు ఎక్కడా పట్టుకోదు, సాన మీద చెక్కుచెదరవు. అటువంటి చారను పగులుగా చూపించి ధర తగ్గించమనడం బేరగాడి తెలివి అవుతుందేమో గానీ, చారకు భయపడి మంచి పలకను వదులుకోవడం మాత్రం నష్టం. అగేట్ వంటి కాంతి దూరే రాయి అయితే వెనుక నుంచి టార్చి వేసి చూడవచ్చు. లోపలి పగులు అద్దపు పెంకులా తళుక్కుమంటుంది. జాస్పర్ గుండా కాంతి పోదు కాబట్టి దాన్ని రెండు వేళ్ల మధ్య వదులుగా పట్టుకొని నాణెంతో తట్టి వినాలి. గట్టి పలక ఖంగుమంటుంది, పగిలినది బొంగురుగా పలుకుతుంది. కొన్ని పలకలు జిడ్డుగా ఉంటాయి. కోత యంత్రంలో వాడే నూనె మిగిలి ఉండవచ్చు, పగుళ్లు కనబడకుండా పూసినదీ కావచ్చు. కారణం ఏదైనా, జిడ్డు వదిలేదాకా కడిగి, ఆరబెట్టి చూడకుండా నేను ధర మాట్లాడను. ఆన్‌లైన్‌లో కొంటున్నప్పుడు పొడి పలక ఫొటో ఒకటి, వెనుక దీపం పెట్టి తీసినది ఒకటి పంపమని అడుగుతాను. పంపని వారి దగ్గర కొనను.

మందం గురించి పెద్దగా చెప్పవలసింది లేదు. ఉబ్బెత్తుగా సాన పట్టే లాకెట్టు రాయికి 5 నుంచి 6 మిల్లీమీటర్లు కావాలి. దుద్దులకు 3, 4 మిల్లీమీటర్లు చాలు. బ్లేడు గీతలు లోతుగా ఉంటే రెండు వైపులా అరగదీయడానికే అర మిల్లీమీటరు చొప్పున పోతుంది. ఒక అంచు 7, ఎదుటి అంచు 4 మిల్లీమీటర్లు ఉండే చీలిక కోత పలకలు కూడా వస్తాయి కనుక మందం కొలిచే కాలిపర్స్‌తో నాలుగు మూలలా కొలవడం మంచిది. మరీ పలచని అగేట్ పలక చవకగా దొరికితే దాని వెనుక మన పంగిడి నల్లరాయి బిళ్లను ఎపాక్సీ జిగురుతో అతికించి వాడుకోవచ్చు. నల్లని వెనుక తలం మీద అగేట్ చారలు మరింత తేటగా పలుకుతాయి. కాకపోతే అది అతుకు రాయి అని కొనేవారికి చెప్పి తీరాలి.

రాయి మెత్తనా గట్టిదా అన్న దానికంటే, ఒకే పలకలో మెత్తనివీ గట్టివీ కలిసి ఉన్నాయా అన్నది ముఖ్యం. రాళ్ల కాఠిన్యాన్ని 1 నుంచి 10 వరకు చెప్పే మోహ్స్ కొలతలో అగేట్, జాస్పర్‌ల కాఠిన్యం 6.5 నుంచి 7; ఆద్యంతం ఒకే తీరుగా ఉంటుంది కనుక మెరుగు ఒకే తీరుగా వస్తుంది. మాలకైట్ 3.5 నుంచి 4 మాత్రమే. మెత్తనిదే అయినా సమానమైన మెత్తదనం కాబట్టి ఓపికతో మెరుగు పెట్టవచ్చు, ఉంగరానికి గాక లాకెట్టుకు వాడవచ్చు. అసలు చిక్కు కర్ణాటక నుంచి వచ్చే కెంపు-ఫుక్సైట్ వంటి వాటితో. పచ్చని నేల మీద ఎర్రని కెంపు చుక్కలు చూడగానే మనసు లాగుతుంది. కానీ ఆ పచ్చనిది ఒక రకం అభ్రకం, కాఠిన్యం 2 నుంచి 3. కెంపు కాఠిన్యం 9. సాన మీద పచ్చనేల అరిగి పల్లమవుతుంది, కెంపులు మొటిమల్లా పైకి నిలుస్తాయి. వజ్రపు పొడి అద్దిన బెల్టులతో, తేలిక చేత్తో పని చేస్తే కొంత సరిదిద్దవచ్చు గానీ, ఒక్కో రాయికి పట్టే సమయం ఎన్నో రెట్లు పెరుగుతుంది. తూర్పు కనుమల ఖొండలైట్ అనే రాతిలో ఎర్రని గార్నెట్ గింజలు చూసి ఆశపడే వారికీ ఇదే మాట: చుట్టూ ఉన్న రాయి శిథిలమై ఉంటే సాన పట్టేటప్పుడు గింజలు ఊడి గుంటలు మిగులుతాయి. ఇటువంటి పలకల మీద వేలిగోటితోనూ, ఉక్కు సూదితోనూ మూలన గీసి చూస్తాను. రెండు రంగుల్లో ఒకటి గీతపడి మరొకటి పడకపోతే, నేను ఇవ్వదలచిన ధరలో సగం అక్కడే తగ్గిపోతుంది.

కోసిన దిశ కూడా చూడవలసినదే. పులికన్ను రాయిలోని మెరుపు పట్టీ, లోపలి నారల వరుస వల్ల పుడుతుంది. పలక ముఖం ఆ నారలకు సమాంతరంగా ఉంటేనే కన్ను నిలుస్తుంది, అడ్డంగా కోసిన పలకలో ఎంత సాన పట్టినా రాదు. లాబ్రడొరైట్ అనే రాయిలోని నీలికాంతి సైతం ఒక కోణంలోనే పలుకుతుంది. పలకను ఎండలో ఎదురుగా పట్టుకొని చూసినప్పుడు కాంతి రాక, బాగా వంచితే మాత్రమే వస్తున్నదంటే, నగలో బిగించిన తరువాత అది ధరించినవారికీ ఎదుటివారికీ కనబడదు.

రంగు వేసినవాటి విషయంలో నాకు కోపం లేదు, చెప్పకుండా అమ్మితేనే కోపం. అగేట్‌ను చక్కెర పాకంలో నానబెట్టి గంధకామ్లంతో నల్లబరచడం చాలా పాత పద్ధతి. ఖంభాత్‌లో రాళ్లను కాల్చి ఎరుపెక్కించడం తరతరాల విద్య. గులాబీ, ముదురు నీలం రంగుల్లో గుప్పుమనే అగేట్ పలకలు మాత్రం దాదాపు అన్నీ అద్దకానివే. పగుళ్ల వెంట రంగు చిక్కగా చేరి ఉంటే అనుమానించాలి. గోళ్ల రంగు తుడిచే అసిటోన్‌ను దూదితో రుద్దినప్పుడు రంగు అంటితే ఇక అనుమానమే లేదు. ఆ ఖంభాత్‌లోనే రాతి పొడి పీల్చి సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు బారిన పడిన పనివాళ్లు ఎందరో ఉన్నారు కనుక, పలకను పొడిగా కోయడం గానీ అరగదీయడం గానీ ఇంట్లో ఎవరూ చేయవద్దు; నీరు ధారగా పడుతూ ఉండాలి.

నా రాళ్లను పొదిగిపెట్టే కంసాలి పాలకొల్లులో ఉంటారు. పలక మీద ఆయన మాటను నేను చివరి మాటగా తీసుకుంటాను, ఎందుకంటే రాయి అంచు పట్టు ఇస్తుందో లేదో ఆయనకు తెలిసినంత నాకు తెలియదు. ఒకసారి అంచున స్ఫటికాల గుంట ఉన్న అగేట్ పలకను చూపించాను. ఆయన దాన్ని తిప్పి తిప్పి చూసి, "అందంగానే ఉందండి, గానీ అంచులో గుంట పెట్టుకుంటే వెండి దేన్ని పట్టుకుంటుందండీ? గుంట మధ్యకొచ్చేలా కోసుకోండి, అప్పుడు దానికే రేటు" అన్నారు. ఐదు రాళ్లు రావలసిన పలక అలా కోస్తే రెండు రాళ్లే ఇచ్చింది, కానీ ఆ రెండూ ఆ ఐదింటికంటే ఎక్కువకు పోయేవే. ఆయన ఎప్పుడూ అడిగేది జతలు. దుద్దులకు రెండు రాళ్లు ఒకదానికొకటి అద్దంలో చూసినట్లు ఉండాలంటే, ఒకే రాతి నుంచి వరుసగా కోసిన రెండు పలకలు కావాలి. పక్కపక్క ముఖాలను పుస్తకంలా తెరిచి, ఎదురెదురు చోట్ల గీసి కోయాలి. అందుకని పలకలకు కోత వరుసలో అంకెలు వేసి ఉంచే వ్యాపారికి, విడి పలక ధర కంటే జతకు కొంత ఎక్కువ ఇవ్వడానికి నేను ముందే సిద్ధపడి ఉంటాను. అంకెలు లేకపోతే రెండు పలకలను ఒకదానిపై ఒకటి పెట్టి అంచుల పోలిక చూస్తాను. చారలు పైపలక నుంచి కిందిపలకకు తెగకుండా దిగితే, మధ్యలో పోయింది బ్లేడు మందం మాత్రమే అని అర్థం.