ఇట్లు, మీ ‘తెలీదు’

మన కాలేజీ పాత విద్యార్థుల సభకి వేసే సంచిక కమిటీ తరఫున ఫోన్ చేసింది డిపో. (మనలో ఎవరికీ అసలు పేర్లు లేవు కదా, అన్నీ పెట్టుడు పేర్లే.) “ఎనిమిది వందల మాటలు, ఒక పాస్‌పోర్ట్ ఫోటో, ఆదివారం లోపు. ఏం రాస్తావో నీ ఇష్టం. చెన్నై కథ మాత్రం వద్దే తల్లీ, కలిసినప్పుడల్లా అదేగా” అంది. డిపో వద్దన్న పని చెయ్యడం నాకు ఫస్టియర్ నుంచీ అలవాటు. కాబట్టి చెన్నై.

ఫస్టియర్ గురించి నన్నేమీ అడక్కండి. సెకండియర్‌లో సర్వే క్యాంపు, అక్కడ పాము, అంతవరకే. ఫైనలియర్ ప్రాజెక్టు నేనే చేశానని సర్టిఫికెట్‌లో ఉంది గనక నమ్ముతున్నాను. నాలుగేళ్ళలో నాకు గంటగంటకీ గుర్తున్నవి థర్డియర్‌లో రెండు రోజులే: 2013 ఫిబ్రవరిలో, చెన్నై ఫ్రిస్బీ టోర్నమెంటుకి వెళ్ళిన ఒక శని, ఒక ఆదివారం.

అమ్మాయిలు కూడా వెళ్తున్నారు కాబట్టి స్టాఫ్‌లో ఎవరో ఒకరు తోడుండాలన్నారు ఆఫీసులో. ఎవరూ రామన్నారు. ఆఖరికి ఆటలు చూసే పీడీ సార్ వచ్చారు. ఆయనకి మన ఆట మీద ఎంత గౌరవమో మీకు తెలుసు. టవర్ మొదటిసారి డిస్క్, అదే మనం విసురుకునే ప్లాస్టిక్ పళ్ళెం, తెచ్చినప్పుడు బాబాయ్ క్యాంటీన్ కాటాలో పెట్టించి, “నూట డెబ్భై అయిదు గ్రాములు. దీనికి టీమంట, జెర్సీలంట” అన్నారు కదా. ఆ తర్వాత మనం ‘ప్లేటు బ్యాచ్’. నిజానికి ఆయన మాటలో తప్పేం లేదు. ఫ్రిస్బీ అనే పేరొచ్చిందే అమెరికాలో ఒక బేకరీ వాళ్ళ రేకు పళ్ళేల నుంచి. ఆ సంగతి ఆయనకి చెప్పే ధైర్యం ఎవరికుంది?

పినాకిని ఎక్స్‌ప్రెస్‌లో ఒంగోలు దాటాక సార్‌కి రూల్స్ చెప్పడం మొదలుపెట్టాడు గోంగూర. డిస్క్ చేతిలో ఉంటే పరుగెత్తకూడదు. పది సెకన్లలో వదిలెయ్యాలి, ఆ పదీ ఎదుటివాడే పైకి లెక్కపెడతాడు. సార్ కబడ్డీ కూతతో పోల్చుకుని తలాడించారు. అంతవరకూ బాగానే ఉంది. “మరి రిఫరీ?” అన్నారు. లేడన్నాం. ఫౌలైతే ఆడేవాళ్ళే చెప్పుకుంటారు, ఒప్పుకోకపోతే డిస్క్ విసిరిన వాళ్ళ చేతికి వెళ్ళిపోతుంది, మళ్ళీ ఆడతారు. సార్ కిటికీలోంచి నెల్లూరు దాకా చూస్తూ కూర్చున్నారు. “పెద్దమనిషి లేకుండా ఊళ్ళో పంచాయితీ కూడా జరగదు గదరా” అన్నారు చివరికి.

శనివారం పొద్దున్న బెసెంట్ నగర్ బీచ్‌లో ఆయన పాపం చెప్పులు విప్పి, ప్యాంటు మడిచి, ష్మిట్ స్మారకం నీడలో నిలబడ్డారు. ఎవరినో కాపాడబోయి మునిగిపోయిన డెన్మార్క్ నావికుడి కోసం కట్టారని ఎవరో చెబితే దానికో దండం పెట్టి, ఇసుకలోకి వచ్చారు. మెడలో విజిల్. బీచ్ ఆట కదా, అటు అయిదుగురు, ఇటు అయిదుగురు. రెండో నిమిషంలో బుజ్జమ్మని ఎవరో గుద్దారు. అంతే, విజిల్! మన ఫీల్డే కాదు, పక్కన రెండు ఫీల్డుల్లోనూ ఆట ఆగిపోయింది. టైమ్ అయిపోయిందేమోనని, మ్యాచ్ అయ్యాక చేసినట్టు అందరూ గుండ్రంగా నిలబడటం కూడా మొదలెట్టారు. వాలంటీర్ అమ్మాయి పరుగెత్తుకొచ్చి “అంకుల్, ప్లీజ్” అంది. విజిల్ జేబులోకి వెళ్ళిపోయింది. ఆయన్ని బాధపెట్టింది ‘ప్లీజ్’ కాదు, ‘అంకుల్’.

ఆ రోజు స్కోర్లు 13–1, 13–3, 13–2. గ్రౌండ్‌లో గడ్డి మీద నేర్చుకున్న విద్య ఇసుకలో పనికి రాలేదు. దాని గురించి ఇంక రాయను. గోంగూర కాలి బొబ్బల గురించి అసలు రాయను.

ఆదివారం మధ్యాహ్నం పదిహేనో స్థానం కోసం మ్యాచ్. పదహారు టీముల్లో పదిహేనోది! ఎదుట తొమ్మిదో తరగతి, పదో తరగతి పిల్లలు. సముద్రపు గాలి మొదలైంది, ఏది విసిరినా కాలవలో కాగితప్పడవలా ఎటో పోతోంది. 9–9 దగ్గర టైమ్ అయిపోయింది, తర్వాతి పాయింట్ ఎవరిదైతే వాళ్ళదే గెలుపు. అప్పుడు చిట్టి హ్యామర్ అనే విసురు వేశాడు. ఎవరు వెయ్యమన్నారో వాడే చెప్పాలి. తలకిందులుగా, అందరి తలల మీంచి వస్తోంది. నేను దూకాను. ఎండ్ జోన్‌లో అంటే పట్టుకుంటే గోలయ్యే చివరి గడిలో, బోర్లా పడ్డాను. డిస్క్ చేతిలో ఉంది.

మీరందరూ నా మీద పడ్డారు. జేబులోని విజిల్ బయటికొచ్చి చాలాసేపు మోగింది. “గోల్! నేను చూశా!” అంటున్నారు సార్.

నన్ను కాపలా కాసిన రెండు జడల పిల్ల మాత్రం మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని వంగి, మెల్లగా అడిగింది: “అక్కా, డౌనా?” డిస్క్ ముందే నేలకి తగిలిందా అని.

చెయ్యి తెరిచి చూసుకున్నాను. డిస్క్ అంచుకీ నా మూడు వేళ్ళకీ మధ్య తడి ఇసుక, పిడికెడు కూడా లేదు, పూతరేకు మందాన. పట్టుకున్నాక చేరిందా, నేలకి తగిలాక పట్టుకున్నానా? ఎంత గుర్తు తెచ్చుకున్నా కళ్ళు మూసుకోవడమే గుర్తుంది.

“తెలీదు” అన్నాను.

ఆ పిల్లకీ సరిగ్గా కనపడలేదంది. డిస్క్ చిట్టి చేతికి వెళ్ళింది. వాడు మళ్ళీ హ్యామరే వేశాడు! గాలి దాన్ని తీసుకెళ్ళి అలల్లో పడేసింది. పిల్లలు మూడు పాసుల్లో గోల్ కొట్టారు. మనం పదహారో వాళ్ళం. నాకు పేరొచ్చింది.

మ్యాచ్ అయ్యాక రెండు టీములూ కలిసి భుజాల మీద చేతులేసుకుని నిలబడే వలయంలో, సార్‌ని కూడా ఇద్దరు పిల్లలు మధ్యలోకి లాక్కున్నారు. చేతిలో సుండల్ పొట్లం పెట్టారు. కోపంగా తిన్నారు, కానీ మొత్తం తిన్నారు. ఎదుటి టీము ఎంత మర్యాదగా, నిజాయితీగా ఆడిందో చూసి వేసే స్పిరిట్ స్కోరు ఒకటుంది. వాళ్ళు మనకిచ్చిన దాంట్లో రూల్స్ తెలిసినందుకు నాలుక్కి ఒకటే వేశారు, కింద ‘కోచ్ అంకుల్ సూపర్’ అని రాశారు.

రాత్రి బండిలో ఎవరూ నాతో మాట్లాడలేదు. గూడూరు దాటాక పై బెర్తు మీంచి సార్ గొంతు: “అమ్మాయ్, నిజంగానే తెలీదా?”

“నిజంగానే తెలీదు సార్.”

“ఊఁ.” అటు తిరిగి పడుకున్నారు.

ఆ నెలాఖరులో కబడ్డీ మ్యాచ్‌లో టచ్ గురించి గొడవైతే, సార్ నోట్లోంచి విజిల్ తీసి, మెకానికల్ వాడితో “నేను చూళ్ళేదురా. తగిలిందా లేదా, నువ్వే చెప్పు” అన్నారని బొంగరం చెప్పాడు. వాడి మాటల్లో సగం నమ్మొచ్చు. ఇది ఏ సగమో మరి.

నా సంగతి కూడా రాయమంది డిపో. విజయవాడలో మట్టి, ఇసుక, కాంక్రీటు పరీక్షించే ల్యాబ్ నడుపుతున్నాను. ఇద్దరితో మొదలుపెట్టాం, ఇప్పుడు పద్దెనిమిది మందిమి. నెల మొదటి తారీఖున జీతాలు పడకపోయిన నెల ఒక్కటీ లేదు. అయిదారు శాతం తడి చేరితే ఇసుక పాతిక శాతం దాకా ఉబ్బుతుందని ఇప్పుడు నేనే పిల్లలకి నేర్పుతున్నాను. రిపోర్టు మీద ‘మళ్ళీ శాంపిల్ పంపండి’ అని రాస్తే కాంట్రాక్టర్లకి ఒళ్ళు మండుతుంది. వాళ్ళూ వెనకాల ఏదో పేరు పెట్టే ఉంటారు.

సార్ రిటైరయ్యారు, సభకి వస్తున్నారట. టవర్, నీ డిస్క్ నా దగ్గరే ఉంది. ఇవ్వను, కానీ తెస్తాను. సాయంత్రం ఉపన్యాసాలు మొదలవ్వగానే గ్రౌండ్ వెనక గేటు దగ్గరికి రండి. చిట్టీ, హ్యామర్ వేశావంటే మాత్రం ఊరుకోను.