బరంపురంలో రెండు రోజులు, ఎండలో ఏం తిన్నాం ఏం తాగాం

తరవాణి అనే మాట నేను చివరిసారి విన్నది మా నాయనమ్మ నోట, టెక్కలిలో, ఏడో క్లాసులో ఉన్నప్పుడు. మళ్ళీ విన్నది మొన్న ఏప్రిల్ 13న బరంపురంలో ఒక భోజనాల హోటల్లో, అదీ తెలుగు ముక్క రాని ఒడియా కుర్రాడి నోట. ఆ సంగతి తర్వాత చెప్తా, ముందు ప్రయాణం.

మేముండేది విశాఖలో. రెండు రోజులు సెలవు కలిసొచ్చింది, తమ్ముడు అరకు అన్నాడు, నేను బరంపురం అన్నాను. మా పిన్నీ బాబాయీ ఉండేది అక్కడే, పెద్దబజార్ వైపు, చిన్నప్పుడు వేసవి సెలవులకి వెళ్ళేవాళ్ళం, తర్వాత పెళ్ళిళ్ళకి వెళ్ళి వచ్చేయడమే తప్ప ఊరు చూసింది లేదు. బరంపురం అంటే మనవాళ్ళకి పట్టుచీరలే గుర్తొస్తాయి. కానీ అక్కడ తిండి గురించి ఎవరూ చెప్పరు, అది నాకు ఎప్పుడూ బాధే. 1936లో ఒడిశా విడి రాష్ట్రం అయ్యేవరకూ ఈ ఊరున్న గంజాం జిల్లా మద్రాసు ప్రెసిడెన్సీలోనే ఉండేది, మన వి.వి. గిరి గారు 1894లో పుట్టింది కూడా ఈ ఊళ్ళోనే, ఇప్పటికీ పాత బజార్లలో తెలుగు వినపడుతూనే ఉంటుంది. అలాంటి ఊళ్ళో వంట ఒక భాషలో ఎందుకుంటుంది చెప్పండి.

12న సాయంత్రం రైలెక్కాం, నాలుగు గంటల ప్రయాణం కాస్తా లేటయి పదిన్నర దాటాక దిగాం. అంత రాత్రి పిన్నిని పొయ్యి దగ్గర నిలబెట్టడం ఎందుకని దార్లో కనబడ్డ ఏసీ రెస్టారెంట్లోకి వెళ్ళాం. అక్కడే తప్పు చేశాం. చేపల కూర పొద్దుటిదో ముందురోజుదో తెలీదు, మళ్ళీ మళ్ళీ వేడిచేసి తెచ్చారు, ముక్క నోట్లో పెడితే పిండిలా ఉంది, బిల్లు మాత్రం విశాఖ బిల్లే. తమ్ముడికి రాత్రంతా కడుపులో మంట. పొద్దున్న బాబాయితో చెప్తే ఆయన ఒకటే మాట అన్నారు, "ఈ ఊళ్ళో రాత్రి పదింటికి తినేవాళ్ళు ఎవరమ్మా, పొద్దున్న ఆరున్నరకి లెగండి, ఎనిమిది దాటితే ఏటీ మిగలదు, మళ్ళీ మిట్టమధ్యాహ్నం, మళ్ళీ పొద్దు వాలేక, అంతే". ఆ రెండు రోజులూ ఆ మాట ప్రకారమే తిరిగాం, ఒక్క పూట కూడా తప్పు పోలేదు.

13న ఆరున్నరకల్లా బాబాయి సందు చివర బండి దగ్గరికి తీసుకెళ్ళారు. పూరీలు, పక్కన ఉప్మా, పైనుంచి ఘుగుని, ఆకు దొన్నెలో. పూరీతో ఉప్మా ఏంటి అని తమ్ముడు మొహం చిట్లించాడు కానీ నేను చెప్పేది వినండి, ఆ ఉప్మా మన ఇళ్ళల్లో ఉదయం హడావుడిలో చేసే ముద్ద ఉప్మా కాదు, పొడిపొడిగా, కరివేపాకు వేగిన వాసనతో, దాన్ని పూరీ ముక్కలో పట్టుకుని ఘుగునిలో ముంచి తింటే వేరే చట్నీ అక్కర్లేదు. ఘుగుని అంటే ఎండు బఠాణీలు నానబెట్టి ఉడికించి అల్లం, జీలకర్ర వేసి చేసే పల్చటి కూర. మన గుగ్గిళ్ళు గుర్తొచ్చాయి నాకు, పేరు కూడా చుట్టరికంలానే వినిపిస్తుంది. పక్క బండి మీద ఇడ్లీలు, బరాలు. బరా అంటే మన గారే, కాకపోతే దాని మీద కూడా ఘుగునే పోస్తారు. బండి ఆయన మాతో తెలుగు, పక్కనున్న టీచరమ్మతో ఒడియా, చేతులు మాత్రం ఆగట్లేదు. ఇద్దరం కడుపునిండా తిన్నా వంద రూపాయలు కాలేదు.

ఇంటికొస్తే పిన్ని కోపం. "ఇంట్లో దోసెలపిండి రుబ్బి ఉంచితే బజార్లో తినొచ్చేరేటే" అంది. ఆ పిండి సంగతి రాత్రికి చూస్తామని బతిమాలుకున్నాం.

పట్టు కొట్లు ఒక రెండు తిరిగాం, అమ్మకి చీర తీసుకున్నాం, దాని గురించి ఇక్కడ రాయను. పన్నెండయ్యేసరికి ఎండ నెత్తిన కూర్చుంది. అప్పుడు వెళ్ళాం మార్కెట్లో ఆ భోజనాల హోటల్‌కి. బయట బోర్డు మీద ఒడియాలో ఏదో పెద్దక్షరాల్లో రాసుంది, ఏంటి బాబాయ్ అంటే "పఖాళ దొరుకును" అని చదివారు. పఖాళ అంటే నీళ్ళు పోసిన అన్నం, సింపుల్‌గా చెప్పాలంటే మన చద్దన్నం. అప్పటికప్పుడు వండిన అన్నంలో చల్లటి నీళ్ళు పోసి పెట్టేది ఒకటి, రాత్రంతా నానబెట్టి పులిసేది ఒకటి, పెరుగు కలిపి పోపు పెట్టేది ఒకటి. మేం రాత్రిదే అడిగాం. మట్టి ముంతలో వచ్చింది, అల్లం ముక్కలు, పచ్చిమిర్చి, నిమ్మాకు నలిపి వేశారు. పళ్ళెంలో ఆలూ భర్తా, అంటే మెదిపిన బంగాళాదుంప, కాల్చిన వంకాయ, తోటకూర వేపుడు, వేయించిన చిన్న చేపలు, బడి చూరా. బడి చూరా అంటే మినప వడియాలు వేయించి వెల్లుల్లి, ఉల్లిపాయ, పచ్చిమిర్చితో చిదిపేది, నూనె చుక్క పడుతుంది పైన. నేను రెండుసార్లు అడిగి వేయించుకున్నది అదే.

అన్నం సగం అయ్యాక ఆ కుర్రాడు జగ్గుతో వచ్చి "తొరాణీ?" అన్నాడు. నాకు చెయ్యి ఆగిపోయింది. పులిసిన అన్నం మీద తేరిన నీళ్ళు, అదే తరవాణి! మా నాయనమ్మ కుండలో రోజూ గంజి పోసి పులియబెట్టి, ఎండలో ఆడుకుని వచ్చిన పిల్లలకి ఉప్పు వేసి గ్లాసులో ఇచ్చేది, ఆవిడ పోయాక ఆ కుండా పోయింది, మాటా పోయింది. ఇక్కడ జగ్గులో తెచ్చి ఇంకా కావాలా అని అడుగుతున్నారు. రెండు గ్లాసులు తాగాను. రాత్రి నుంచి కడుపులో మంట అంటున్న తమ్ముడు కూడా తాగి, కాసేపటికి "అప్పా, చల్లగా ఉంది" అన్నాడు, మా వైపు అక్కని అలాగే పిలుస్తాం.

ఒకటి నిజంగా చెప్పాలనిపిస్తోంది. మన ఇళ్ళల్లో చుట్టాలొస్తే చద్దన్నం గిన్నె వంటింట్లో వెనక్కి జరిపేస్తాం, ఎవరైనా చూస్తారేమోనని. అక్కడ దాన్ని బోర్డు మీద రాసి అమ్ముతున్నారు, మార్చి 20న పఖాళ దినం అని పండగలా చేసుకుంటున్నారు, ఆఫీసు బట్టల్లో ఉన్నవాళ్ళు వరసగా కూర్చుని ముంతలు ఎత్తి తాగుతున్నారు. అది చూస్తే నాకు ముందు సంతోషం వేసింది, తర్వాత మా నాయనమ్మ ఉంటే బాగుండును అనిపించింది.

సాయంత్రం సంగతి త్వరగా చెప్పేస్తా. గుప్‌చుప్ అంటే మన పానీపూరీ, నీళ్ళు పుల్లగా కారంగా ఉంటాయి, కారం తక్కువ కావాలంటే "రాగ కమ్" అనండి చాలు, రాగ అంటే అక్కడ కారం. దహీబరా ఆలూదమ్ కటక్ వైపుది అంటారు కానీ ఇక్కడా బండ్ల మీద ఉంది, పల్చటి మజ్జిగలో నానిన గారెల మీద బంగాళాదుంప కూర, ఘుగుని, సన్నగా తరిగిన ఉల్లిపాయ, బాగుంది కానీ పొద్దుటి పూరీ ఉప్మా అంత కాదు. ఛెనాపొడో మాత్రం వదలకండి. ఛెనా అంటే పాలు విరగ్గొట్టిన ముద్ద, పొడో అంటే కాలినది, చక్కెర కలిపి ఆకుల్లో పెట్టి పైన ముదురు రంగు వచ్చేదాకా కాలుస్తారు, నయాగఢ్‌లో పుట్టిందని చెప్తారు. జున్ను ఇష్టమైనవాళ్ళకి ఇది తెలిసిన రుచే. అంచు ముక్క అడిగి తీసుకోండి, మాడిన చోటే అసలు రుచంతా.

14న తెల్లారి అయిదింటికే ఆటోలో గోపాలపూర్. 16 కిలోమీటర్లు ఉంటుంది. దారి పక్కన మొగలి పొదలు కంచెల్లా ఉంటాయి, గంజాం మొగలి పువ్వుకి జీఐ గుర్తింపు, అంటే ఫలానా చోటిదే అని ఇచ్చే ముద్ర, కూడా ఉంది, పూలు ఎక్కువగా వచ్చేది వానాకాలంలో కాబట్టి మాకు ఆకులే కనబడ్డాయి. గోపాలపూర్ ఒకప్పుడు రేవు, రంగూన్ వెళ్ళే స్టీమర్లు ఆగేవి, మన వైపు నుంచి కూలికి వెళ్ళినవాళ్ళు ఎందరో ఇక్కడే ఓడెక్కారు. ఇప్పుడు పాత గోడలు కొన్ని, లైట్‌హౌసు, ఒడ్డున పడవలు.

పడవల దగ్గర అంతా తెలుగే. అక్కడ చేపలు పట్టేది ఎక్కువగా మన వాడబలిజలు, ఒడియాలో నూలియాలు అంటారు. ఒకావిడ బుట్ట దించుతూ "రేపట్నుంచి పెద్ద బోట్లు ఎల్లవమ్మా, ఇయాలే కొనుక్కో" అంది. నిజమే, తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, చేపలు గుడ్లు పెట్టే కాలమని పెద్ద బోట్ల వేట ఆపేస్తారు. ఆ రెండు నెలల్లో వెళ్ళేవాళ్ళు బీచ్ బండి మీద పరిచిన చేపలన్నీ ఆ పొద్దు పట్టినవే అనుకోకండి, మొప్పలు ఎత్తి ఎర్రగా ఉన్నాయో లేదో చూసుకోండి. మేం ఆవిడ దగ్గర అరకిలో రొయ్యలు తీసుకుని పక్కనే బండిలో వేయించమని ఇచ్చాం. వేయించే కూలి ముందే మాట్లాడుకోవాలి, నూనె వేడెక్కాక అడిగితే లాభం లేదు. ఉప్పు, కారం, పసుపు, అంతే, ఆవాలూ మసాలాలూ ఏం లేవు, ఆ రొయ్యలకి అవసరం కూడా లేదు. పొద్దున్నే ఏడింటికి ఇసకలో కూర్చుని వేడి రొయ్యలు తినడం నాకు ఇదే మొదటిసారి, మళ్ళీ ఎప్పుడు కుదురుతుందో తెలీదు. పక్కన ఫ్రిజ్ పెట్టుకున్న బండ్లలో పీతలు కూడా చూశాం, చిలికావి అన్నారు, తీసుకోలేదు. చిలికా పీత తినాలంటే రంభ అనే ఊరి వైపు వెళ్ళి చిలికా సరస్సు ఒడ్డునే తినమని బాబాయి ముందే చెప్పారు, అది ఇంకో ట్రిప్పు.

ఆ రోజు పణా సంక్రాంతి, ఒడియా వాళ్ళకి కొత్త సంవత్సరం. తిరిగొచ్చేసరికి ఎక్కడో దండనాట డప్పులు, అది గంజాంలో చైత్రంలో దీక్షపట్టి ఆడే ఆట, ఆడేవాళ్ళకి ఆ రోజుతో ముగింపు. పక్కింటి వాకిట్లో తులసికోట మీద చిన్న చిల్లు పెట్టిన కుండ కట్టారు, బొట్టుబొట్టుగా నీళ్ళు పడుతున్నాయి తులసి మీద. ఎండకి మొక్క అలిసిపోకుండా అంట. కాసేపు అలా చూస్తూ ఉండిపోయాను. లోపలికి పిలిచి బేలపణా ఇచ్చారు. బేల అంటే మారేడు, వెలగ కాదు, మనవాళ్ళు చాలామంది పొరబడతారు. పండిన మారేడు గుజ్జు నీళ్ళల్లో పిసికి గింజలు తీసేసి, అరటిపండు, కొబ్బరి కోరు, ఛెనా, బెల్లం, చివర్లో మిరియాల పొడి, యాలకులు. పిన్ని చూసి "మన శ్రీరామనవమి పానకమే కదే, వీళ్ళు పళ్ళు వేసుకున్నారు, అంతే" అంది. మిరియం ఘాటు గొంతులో తగిలినప్పుడు నాకూ అదే అనిపించింది. రోడ్డు మీద బండ్లలో కూడా ఆ రోజు బేలపణా దొరుకుతుంది కానీ ఐస్ ఎక్కువ వేసి పల్చగా చేస్తారు, ఎవరింట్లోనైనా ఇస్తే వద్దనకండి.

సాయంత్రం రైలుకి ముందు అప్పడాలు కొన్నాం. బరంపురం అప్పడాలూ పచ్చళ్ళూ ఒడిశా అంతా పేరున్నవి. పెద్ద షాపుకి పోకుండా పిన్ని వాళ్ళ వీధిలోనే ఇంట్లో ఒత్తే ఒకావిడ దగ్గర తీసుకున్నాం, చాప మీద ఎండుతున్నవాటిని ఒక్కొక్కటే తిప్పుతూ లెక్కపెట్టి ఇచ్చింది. వేయిస్తే పొంగాలంటే పిండి ఎంత దంచాలో, ఎండ ఏ పూట మంచిదో పావుగంట చెప్పింది, నేను కూర్చుని వింటూ ఉంటే తమ్ముడు ఫోన్లో రైలు టైము చూపిస్తూ తొందర పెట్టాడు.

ఇల్లు చేరేసరికి అర్ధరాత్రి. సంచిలో అప్పడాలు ఒక్కటీ విరగలేదు. బట్టలు కూడా మార్చుకోకుండా ముందు గుప్పెడు బియ్యం వండి, చల్లారాక నీళ్ళు పోసి, నిమ్మాకు లేదు కాబట్టి రెండు కరివేపాకు రెబ్బలు నలిపి వేసి, గిన్నె మీద మూత పెట్టి పడుకున్నాను.