గీత తెగకూడదు

మన పూర్వ విద్యార్థుల కలయిక సంచికకు రెండు పేజీలు రాసి పంపమని, ఆలస్యమైతే చోటు మిగలదని, మనం ‘గంట’ అని పిలిచే మిత్రుడు నాకు మూడుసార్లు ఫోను చేశాడు. బడిలో ఉన్నప్పుడు కూడా అతడు బడి గంట మూడోసారి కొట్టేదాకా మనలో ఎవరమూ లోపలికి కదిలేవాళ్ళం కాదు కనుక, ఈ ఆలస్యానికి క్షమాపణ చెప్పుకోవలసిన పని లేదనుకుంటున్నాను. సైన్సు గది తాళం సంగతి రాయవద్దని సంఘం తరఫున ప్రత్యేకంగా హెచ్చరించాడు, రాయడం లేదు. ఆరో తరగతి నుంచి తొమ్మిది దాకా పెడనలో నేనేం చదివానో నిజంగానే గుర్తు లేదు. గుర్తున్నదల్లా 1984 సంక్రాంతికి ముందు పది రోజులు, ఆ పది రోజులూ మన డ్రాయింగు మాస్టారు.

కలయిక నాడు మన 42 మందికీ తలా ఒక గ్రీటింగు కార్డు చేతితో చేసి ఇవ్వాలని సంఘంవారు నిర్ణయించి ఆ పని నా మీద పెట్టారు. డిజిటల్ స్టాంపులతో చేస్తానని నేను గ్రూపులో రాసిన అరగంటలో వచ్చిన జవాబులు దాచిపెట్టుకోదగినవి. అవి ఏ పోస్టాఫీసులో దొరుకుతాయని మనం ‘రేడియో’ అని పిలిచే మిత్రుడు అడిగాడు. పోస్టాఫీసు కాదు, అవి ఆస్తుల రిజిస్ట్రేషనుకు వాడే ఈ-స్టాంపులని మన లాయరుగారు సరిదిద్దారు. 1991 నుంచి 2022 దాకా బ్యాంకు కౌంటరులో గుండ్రటి ముద్రలు గుద్దిన చెయ్యి ఖాళీగా ఉండలేకపోతోందని మూడో బెంచీ తేల్చేసింది. నిజానికి డిజిటల్ స్టాంపు అంటే ఒక బొమ్మ ఫైలు. అందులో నల్లని గీతలు తప్ప మరేమీ ఉండవు. కావలసిన సైజులో అట్ట మీద ప్రింటు తీసుకుని రంగులు మనమే నింపుకోవాలి. అద్దకాల ఊళ్ళో చదివినవాళ్ళకు ఇంకా క్లుప్తంగా చెప్పవచ్చు: గీత అచ్చు ఉంటుంది, రంగు అచ్చులు ఉండవు.

సరిగ్గా అదే పరిస్థితిలో ఆ సంక్రాంతికి మాస్టారు మన చేత కార్డులు చేయించారు. ఆయన బందరు బండి దిగి సిమెంటు సంచీ భుజాన వేసుకుని వచ్చిన ఉదయం మీకెవరికైనా గుర్తుందా? ఏ అద్దకం షెడ్డులో అడిగి తెచ్చారో గాని, సంచీ నిండా అరిగిపోయిన టేకు అచ్చులు. చిలుక, మామిడి పిందె, తీగ, అంచు. ఒక్కొక్క దాని వెనక పిడి, గాలి పోవడానికి అడ్డంగా తొలిచిన సన్నని బెజ్జాలు, ఎన్ని కడుగులు కడిగినా వదలని కరక్కాయ, బెల్లపు నల్లరంగు కలిసిన వాసన. అన్నీ గీత అచ్చులే. రంగు నింపే అచ్చులు పనిలో ఉన్నాయని షెడ్డువాళ్ళు ఇవ్వలేదు. పళ్ళెంలో గోనెపట్టా, దాని మీద తడిగుడ్డ, గుడ్డ మీద సిరా. అచ్చు అద్దుకుని డ్రాయింగు కాగితం మీద పెట్టి పిడికిలితో ఒక్క గుద్దు. “గీత అచ్చుది, రంగు నీది” అని మాస్టారు బల్లల మధ్య తిరుగుతూ అనేవారు. గీత తెగిన చోట సిరాతో కలిపిన తరువాతే రంగు ముట్టుకోనిచ్చేవారు. “గట్టు తెగిన మడిలో నీళ్ళు నిలుస్తాయా?” అన్నది ఆయన వాదన. మనలో సగం మంది పొలం పిల్లలం కనుక ఎదురు ప్రశ్న వేసినవారు లేరు.

అక్షరాల అచ్చు మాత్రం సంచీలో లేదు. “సంక్రాంతి శుభాకాంక్షలు” చెక్కే బాధ్యత, చేతిరాత బాగుంటుందన్న ఏకైక నేరానికి, నాకు వచ్చింది. నా ఎడమకాలి హవాయి చెప్పు అడుగును సగం బ్లేడుతో రెండు రాత్రులు చెక్కాను. ‘క్ష’ దగ్గర బ్లేడు జారి బొటనవేలు తెగింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. తెల్లవారి మొదటి కార్డు మీద ముద్ర వేసి చూస్తే, చెక్కినదంతా తిరగబడి పడింది. ఇది కుడివైపు నుంచి చదువుకోవలసిన పండుగా అని రేడియో అడిగాడు. మాస్టారు ఆ రబ్బరు ముక్కను వెలుతురులో పట్టుకుని చాలాసేపు చూశారు. అక్షరాలు బాగున్నాయన్నారు. తరువాత నా కాళ్ళ వైపు చూసి అన్న మాట మన తరగతిలో ఎవరూ మరిచిపోయి ఉండరు: “ఎడమ చెప్పు తప్పు చెప్పింది. కుడి చెప్పు చేత సరిగ్గా చెప్పించు.”

పలచని కాగితం మీద అక్షరాలు రాయించి, కొబ్బరినూనె పూసి, కాగితాన్ని తిరగేసి వెనక నుంచి కనిపించే గీతలను రబ్బరు మీదికి ఎక్కించడం ఆయనే కూర్చుని నేర్పించారు. ఆ సాయంత్రం వట్టికాళ్ళతో ఇంటికి వెళ్ళాను. ఇంట్లో ఏం జరిగిందన్నది ఈ సంచికకు అవసరం లేదు.

ఇప్పుడు నేను వేసే బొమ్మలూ ఆ పద్ధతిలోనే పుడతాయి. మా అమ్మాయి తన రెండో జీతంతో టాబ్లెట్టు కొనిచ్చింది గాని, తొలి గీత ఇప్పటికీ కాగితం మీదనే పెన్సిలుతో గీస్తాను. పైన సిరా పెన్నుతో దిద్ది, 600 డీపీఐలో, అంటే అంగుళానికి 600 చుక్కల చొప్పున, స్కాను చేసి, తెల్లని నేపథ్యం చెరిపి పీఎన్‌జీ ఫైలుగా దాస్తాను. కంప్యూటరులో ఒక్క నొక్కుతో రంగు నింపేవారికి గీతలో వెంట్రుకవాసి సందున్నా రంగు పేజీ అంతా పారుతుంది. నా ఫైళ్ళలో అలా పారదు. నా చిలుకల జంటను కొనుక్కున్న ఆస్ట్రేలియా ఆవిడ ఒకరు, మనవరాలి పుట్టినరోజుకు దానితో చేసిన కార్డు ఫొటో పంపి, ఇంత శుభ్రమైన గీత ఎక్కడ నేర్చుకున్నారని అడిగారు. ఊరి పేరు రాసి పంపాను. నిజానికి ఆ జంటలో ఉన్నది ఒక్కటే చిలుక; రెండోది దాన్నే తిరగేసి ఎదురుగా నిలబెట్టినది. చెక్క అచ్చుకు ఆ వీలు లేదు, దానికి రెండో చెప్పు కావాలి. 1843లో లండనులో హెన్రీ కోల్ వేయించిన తొలి క్రిస్మస్ కార్డు కూడా గీతలు అచ్చు వేసి రంగులు చేత్తో నింపినదేనని ఈ మధ్యనే తెలిసింది. మన మాస్టారికి చెబితే ఆశ్చర్యపోరు.

అక్షరాల విషయంలో మాత్రం కాలం మన పక్షాన తిరిగింది. పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ పేర్లతో తెలుగు ఫాంట్లు ఇంటర్నెట్టులో ఉచితంగా దొరుకుతున్నాయి. ఒకప్పుడు వారి పద్యాలు అప్పజెప్పలేక ఎండలో నిలబడిన నేను, ఇప్పుడు ధూర్జటిని పక్కకు జరిపి తిమ్మనను పెద్దది చేస్తున్నాను. కొన్ని బొమ్మల సాఫ్ట్‌వేర్లలో ఒత్తులు విడిపోతాయి కనుక, అక్షరాలను వేరే చోట కూర్చి బొమ్మగా మార్చుకుని తెచ్చుకోవడం మేలు.

ఇక మన కార్డులు. బొమ్మలు ఆరు, ఒక్కొక్కటి ఏడు, మొత్తం 42. 250 జీఎస్ఎం (చదరపు మీటరుకు 250 గ్రాములు) అట్టను ఏ4 సైజులో తీసుకుని, సగానికి కోసి, ఒక్కొక్క సగాన్ని మడిస్తే షీటుకు రెండు కార్డులు. 21 షీట్లు సరిపోవాలి. నాకు 25 పట్టాయి. ముందు నుంచి కాగితం లాక్కుని లోపల మలుపు తిప్పే ప్రింటరులో మందపు అట్ట ఇరుక్కుంటుందని తెలిసి కూడా తొందరపడి మూడింటిని నలిపాను. వెనక ట్రేలో నిలువుగా పెట్టాక బుద్ధిగా వచ్చాయి. నాలుగో షీటు కథ వేరు. అంతకు ముందు వారం అక్క మనవడి చొక్కా మీద ఇస్త్రీతో అంటించే బొమ్మ ఒకటి తీసినప్పుడు, అద్దంలో చూసినట్టు తిరగేసి వేయమని ప్రింటరుకు చెప్పిన సంగతి మరిచిపోయాను. కార్డు మీద “పూర్వ విద్యార్థుల కలయిక” మొత్తం కుడి నుంచి ఎడమకు వచ్చింది. ఆ పూట నా కాళ్ళకు రెండు చెప్పులూ ఉన్నాయి. ఆ షీటును పారేయలేదు, రేడియోకు చూపించాలి.

మడత పెట్టే ముందు స్కేలు ఆనించి, రీఫిలు అయిపోయిన బాల్‌పెన్నుతో గట్టిగా గీత గీశాను. అట్ట నారకు అడ్డంగా మడిస్తే అంచు పగిలి తెల్లగా పైకి లేస్తుంది కనుక, నార ఎటు ఉందో రెండు వైపులా వంచి చూసి మరీ కోశాను. 114×162 మిల్లీమీటర్ల కవర్లలో కార్డు కొద్దిగా వదులుగా, హాయిగా కూర్చుంటుంది.

నేను రంగులు మాత్రం వేయడం లేదు. నీళ్ళ రంగులు తగిలితే మా ప్రింటరు సిరా కరిగి పాకుతుంది కాబట్టి, కలర్ పెన్సిళ్ళ డబ్బాలు ఆరు తెచ్చి వరండాలో బల్ల మీద పెడతాను. ఎవరి కార్డు వారే నింపుకోవాలి. మాస్టారు వస్తానన్నారు, బల్లల మధ్య తిరుగుతారు. కళ్ళజోళ్ళు మరిచిపోకుండా తెచ్చుకోండి.