నాలుగు మందుల వైద్యం

మెడకు ఎడమ పక్కన గడ్డల్లా బిళ్లలు కట్టి, సాయంత్రం కాగానే జ్వరం వచ్చి, రాత్రి చెమటలకు దుప్పటి తడిసిపోతుంటే హనుమకొండలో చూపించుకున్నాను. మొదట టీబీ అనుకున్నారు. మా దిక్కు అలా అనుకోవడం సహజమే. మందులు వాడినా తగ్గకపోయేసరికి ఒక బిళ్లను మొత్తంగా తీసి బయాప్సీకి పంపారు. అందులో ఈ జబ్బుకు గుర్తయిన రీడ్-స్టెర్న్‌బర్గ్ అనే పెద్ద కణాలు కనిపించాయి. అది హాడ్జ్‌కిన్ లింఫోమా అనే లింఫు గ్రంథుల క్యాన్సర్ అని, ముదిరిన దశలో కూడా చాలామందికి నయమవుతుందని హైదరాబాద్‌లో డాక్టరు చెప్పారు.

వైద్యం పేరు ఏబీవీడీ. డాక్సోరూబిసిన్, బ్లియోమైసిన్, విన్‌బ్లాస్టిన్, డకార్బజిన్ అనే నాలుగు మందులను 28 రోజుల సైకిల్‌లో 1వ, 15వ రోజుల్లో ఎక్కిస్తారు. ఒక్కో మందు క్యాన్సర్ కణాన్ని ఒక్కో తీరుగా చంపుతుంది, వాటి చెరుపు కూడా ఒకే అవయవం మీద పడదు. మొదటిది గుండెకు, రెండోది ఊపిరితిత్తులకు హాని చేయవచ్చు కనుక ముందే ఎకో, శ్వాస పరీక్ష చేశారు. మూడోది మా అమ్మ రోజూ పూజకు కోసే బిళ్ల గన్నేరు మొక్క నుంచి వచ్చిందని తెలిసి ఆమె నాకంటే ఎక్కువ ఆశ్చర్యపోయింది.

1970లలో ఇటలీలోని మిలాన్‌లో డాక్టర్ బొనడోనా బృందం రూపొందించిన ఈ వైద్యంలో, అంతకుముందున్న మాప్ అనే మరో నాలుగు మందుల వైద్యంతో పోలిస్తే, సంతానలేమి ముప్పు బాగా తక్కువ. అయినా వీర్యం భద్రపరచుకుంటావా అని డాక్టరు అడిగినప్పుడు, పక్కనే బాపు ఉండటంతో నేను తల వంచుకున్నాను. "దాచిపెట్టుకో బిడ్డా, దీన్ల సిగ్గేంది?" అన్నది బాపే. పెళ్లికాని పిల్లల ముందు ఈ మాట ఎత్తడానికి జంకే ఇళ్లు మా వైపు ఇంకా చాలా ఉన్నాయి.

ఎర్రటి డాక్సోరూబిసిన్ ఎక్కిన రోజు మూత్రం కూడా ఎర్రగా వచ్చేది. అది రక్తం కాదని నర్సు ముందే చెప్పకపోతే హడలిపోయేవాణ్ణి. నన్ను నిజంగా ఏడిపించింది డకార్బజిన్. వెలుతురు తగలకుండా సీసాకు కవరు తొడిగి ఎక్కిస్తుంటే మణికట్టు నుంచి మోచేతి దాకా నరం భగ్గుమనేది. చుక్కల వేగం తగ్గించి, చేతి మీద వేడి గుడ్డ వేస్తే కాస్త ఓర్చుకోగలిగేవాణ్ణి. కాజీపేట రైలెక్కేసరికి వాంతులు మొదలయ్యేవి.

రెండు సైకిళ్ల తర్వాత, ఒంట్లో క్యాన్సర్ ఎక్కడుందో చూపే పెట్ స్కాన్‌లో జబ్బు ఆనవాళ్లు కనిపించకపోవడంతో, మిగతా సైకిళ్లలో బ్లియోమైసిన్ ఆపేసి మూడు మందులే ఇచ్చారు. స్కాన్ ఫలితం కంటే, ఒక మందు తగ్గిందన్న మాటే నాకు ఎక్కువ ధైర్యమిచ్చింది.

వైద్యం ముగిసింది, జుట్టు వచ్చింది, చెకప్‌లు సాగుతున్నాయి. ఎప్పుడైనా ఆపరేషన్ అవసరమైతే, ఎక్కువ గాఢతలో ఆక్సిజన్ ఇవ్వడం ఊపిరితిత్తులకు ప్రమాదం కావచ్చు కాబట్టి, గతంలో బ్లియోమైసిన్ తీసుకున్నానని మత్తు డాక్టరుకు తప్పక చెప్పమన్నారు. ఆ సంగతి రాసిన చీటీని ఆధార్ కార్డుతో పాటే పర్సులో పెట్టుకున్నాను.