మెయిలు ప్రోగ్రామ్‌కు నా కోరికల చిట్టా: అడిగి చేయించుకున్న అనుభవం

పుస్తకాలకు పేజీలు కట్టడం నా పని. ఆఫీసు విజయవాడ సూర్యారావుపేటలో. రచయితల్లో ఎక్కువమంది గుంటూరు, తెనాలి వైపు పెద్దవాళ్ళు. ప్రూఫులు వాట్సాప్‌లో తిరిగితే ఏది మొదటి విడతో, ఏది ఆఖరి విడతో వారం తిరిగేసరికి ఎవరికీ గుర్తుండదు. అందుకని అన్నీ మెయిల్లోనే నడవాలనీ, సబ్జెక్టు లైన్లో పుస్తకం పేరు, విడత తెలుగులోనే రాయాలనీ మొదటినుంచీ పట్టుబడుతూ వచ్చాను. జనవరి మొదట్లో బుక్ ఫెస్టివల్ కాబట్టి డిసెంబర్లో మా పనంతా ఆ సబ్జెక్టు లైన్ల మీదే నడుస్తుంది.

మెయిలుతో పాటు న్యూస్‌గ్రూపులు, అంటే ఒక్కో విషయానికీ ఒకటిగా ఉండే పాతకాలపు చర్చా వేదికలు, కూడా చదువుతాను. ఈ రోజుల్లో అవి ఇంకా ఉన్నాయా అని అడుగుతారు. ఉన్నాయి. 1980లో అమెరికాలో రెండు విశ్వవిద్యాలయాల మధ్య మొదలైన, ఈ గ్రూపులన్నీ ఉండే యూజ్‌నెట్ అనే వ్యవస్థ నేటికీ నడుస్తోంది. 2024 ఫిబ్రవరి 22 నుంచి గూగుల్ గ్రూప్స్ దానితో సంబంధం తెంచుకుంది కానీ, ఆ పోస్టులు చేరవేసే ఎన్ఎన్‌టీపీ సర్వర్లు నడిపేవాళ్ళు నడుపుతూనే ఉన్నారు. నేను పేజీలు కట్టేది టెక్ (TeX) అనే అచ్చుకూర్పు ప్రోగ్రామ్‌తో. తెలుగు వత్తులు, గుణింతాలు ఎక్కడైనా మొండికేస్తే కాంప్.టెక్స్ట్.టెక్ అనే గ్రూపులో అడుగుతాను. ఆ లోతు జవాబులు నాకు మరోచోట దొరకలేదు. తొంభైల్లో విదేశాల్లో ఉన్న మనవాళ్ళు సోక్.కల్చర్.ఇండియన్.తెలుగు అనే గ్రూపులో చేరి, రైస్ విశ్వవిద్యాలయంలో పుట్టిన ఆర్‌టీఎస్ పద్ధతిలో, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాసుకునేవారు. కంప్యూటర్ మీద తెలుగు మాటామంతీ మొదట జోరుగా సాగిన చోట్లలో అదొకటి. ఈ పాత దారి మీద నాకున్న అభిమానానికి అదీ ఒక కారణం.

మెయిలూ న్యూసూ రెండూ ఒకే కిటికీలో చూపించే ప్రోగ్రామ్‌లు ఇప్పుడు తక్కువ. నేను వాడేది స్వచ్ఛందంగా పనిచేసేవాళ్ళు నిలబెడుతున్న ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్. ఏళ్ళ తరబడి వాడుతూ ఇది ఉంటే బాగుండు, అది ఉంటే బాగుండు అని నోటుపుస్తకం వెనక రాసుకున్నవి చాలా పోగయ్యాయి. వాటిలో మూడు మాత్రం నా పనికి అడ్డం పడేవి. వాటినే అడగాలనుకున్నాను.

అడగడానికి ముందు వాళ్ళ బగ్ ట్రాకర్లో, అంటే లోపాలూ కోరికలూ నమోదు చేసే సైట్లో, పాత అభ్యర్థనలు చదవడం పెట్టుకున్నాను. రాత్రి భోజనాలయ్యాక అదే పని. ఏవి కదిలాయి, ఏవి ఏళ్ళుగా కదలకుండా పడున్నాయి అని చూస్తూ పోతే ఒక సంగతి తేలింది. "మా భాషకు సపోర్టు బాగుండాలి" అన్నవి ఎంతమంది బలపరిచినా అక్కడే ఉన్నాయి. "ఈ ఫైలు తెరవండి, ఇక్కడ నొక్కండి, ఇలా రావాలి, కానీ ఇలా వస్తోంది" అన్నవి కదిలాయి. ఆ ప్రోగ్రామ్ రాసేవాళ్ళలో తెలుగు చదవగలిగినవాళ్ళు నాకు కనిపించలేదు. కాబట్టి తెలుగు ఒక్క ముక్క రానివాడు కూడా తన కంప్యూటర్లో తన కళ్ళతో చూడగలిగేలా చెప్పాలి. నా కోరికలు మూడింటినీ ఆ దృష్టితో తిరగరాశాను.

మొదటిది సబ్జెక్టు లైను. బ్రాడీపేటలో ఉండే ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు ఫోన్లో ఒక యాప్ నుంచి మెయిల్ పంపుతారు. ఆయన మెయిళ్ళు కొన్నింటిలో సబ్జెక్టు చివర అక్షరం పోయి, నల్లటి డైమండ్‌లో ప్రశ్నార్థకాలు వచ్చేవి. "విడత" అన్న మాట ఉన్న మెయిళ్ళన్నీ ప్రూఫుల ఫోల్డర్లోకి పోయేలా నేను ఫిల్టర్ పెట్టుకున్నాను. అక్షరం విరిగిన మెయిల్ ఆ ఫిల్టర్‌కి చిక్కదు. ఇన్‌బాక్సులోనే ఉండిపోతుంది, నేను చూడను. అక్కడ మాస్టారు ఎదురుచూస్తుంటారు.

"బాబూ, రెండో విడత దిద్ది పంపాను, చూశావా?"

"వచ్చింది మాస్టారూ. సబ్జెక్టులో చివరి అక్షరం రాలేదండీ."

"నేను శుభ్రంగానే రాశానే! ప్రూఫు రెండో విడత అని రాశాను."

"మీరు రాసింది సరిగ్గానే ఉందండీ. నాకోసం ఒక్క పని చేసిపెట్టండి. ప్రూఫు తర్వాత చిన్న గీత పెట్టి, రెండోవిడత కలిపి రాసి ఇంకోసారి పంపండి."

ఆయన పంపారు. ఈసారి నిక్షేపంగా వచ్చింది. అసలు కిటుకు అక్కడే ఉంది. మెయిల్ హెడర్లలో, అంటే సబ్జెక్టు లాంటి పై వరుసల్లో, ఇంగ్లీషు కాని అక్షరాలు ఎలా పంపాలో 1996 నాటి ఆర్ఎఫ్‌సీ 2047 అనే ఇంటర్నెట్ ప్రమాణపత్రం చెబుతుంది. అక్షరాలను బేస్64లోకి, అంటే మూడు బైట్లను నాలుగు ఇంగ్లీషు గుర్తులుగా రాసే పద్ధతిలోకి, మార్చి ముక్కలుగా పంపాలి. ఒక్కో ముక్క 75 గుర్తులు దాటకూడదు. ముందూ వెనకా ఉండే గుర్తులకు 12 పోతే, మిగిలిన చోటులో 45 బైట్లు పడతాయి. అన్ని భాషల అక్షరాలూ దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు ఒక్కొక్కటీ మూడు బైట్లు. అంటే ఒక ముక్కలో సరిగ్గా 15 గుర్తులు. వత్తు, గుణింతం, పొల్లు అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. అంతా తెలుగే అయితే 45 దగ్గర కోసినా ఏ అక్షరమూ తెగదు. ఖాళీకి మాత్రం ఒక్కటే బైటు. "ప్రూఫు రెండో విడత"లో రెండు ఖాళీలున్నాయి. తెలుగు గుర్తులు 15, ఖాళీలు 2, మొత్తం 47 బైట్లు. ఆయన యాప్ అక్షరాలు చూడకుండా 45 దగ్గర కోస్తే కత్తి సరిగ్గా ఆఖరి "త" మధ్యలో పడుతుంది. ఒక బైటు ఇటు, రెండు బైట్లు అటు. గీత పెట్టి పంపినదాంట్లో ఖాళీ, గీత, ఖాళీ కలిపి మూడు బైట్లు, ఒక తెలుగు గుర్తుకు సరిసమానం. అందుకే కోత అక్షరాల మధ్య పడింది. అక్షరం కొన్ని మెయిళ్ళలో పోవడం, కొన్నింటిలో పోకపోవడం ఏమిటని ఎన్నాళ్ళుగానో ఉన్న సందేహం ఆ సాయంత్రం తీరింది. నాకెంత సంతోషం కలిగిందంటే పక్క టేబుల్ దగ్గర డీటీపీ చేసే అమ్మాయిని పిలిచి కాగితం మీద గీసి చూపించాను.

ఇది అభ్యర్థనగా పెట్టబోతూ వెతికితే, వేరే భాషలో ఇదే బాధ పడ్డ ఇంకొకరి పాత అభ్యర్థన కనిపించింది. కొత్తది తెరవకుండా అందులోనే నా వివరం చేర్చాను. నాలాంటి పనికి దిగేవాళ్ళకు ఇది గట్టిగా చెబుతాను. ఉన్నదానికి బలం చేర్చండి. కొత్తది తెరిస్తే దాన్ని పాతదానికి నకలని ముద్రవేసి మూసేస్తారు, మీ శ్రమ పక్కకు పోతుంది. మాస్టారి మెయిల్ యథాతథంగా పెట్టలేదు. అందులో ఆయన అడ్రసు ఉంది, ఇంకా అచ్చుకాని ఆయన రచన ఉంది. కంట్రోల్-యు నొక్కి మెయిల్ సోర్సు తెరిచి, సబ్జెక్టు లైను ఒక్కటే తీసుకుని, మిగతాదంతా ఉత్తుత్తి పేర్లతో నింపి ఈఎంఎల్ (ఒక్క మెయిల్ ఉండే) ఫైలుగా దాచి జతచేశాను. ఎక్కడ కోత పడిందో బైట్లు లెక్కపెట్టి కింద రాశాను.

జవాబు వచ్చింది. ఒక్కో ముక్కలో పూర్తి అక్షరాలే ఉండాలని ఆర్ఎఫ్‌సీ 2047 స్పష్టంగా చెబుతోంది కదా, తప్పు పంపిన యాప్‌ది, మేమెందుకు మార్చాలి అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. కానీ మెయిల్ చదివే ప్రోగ్రామ్ పని చదివించడం. ఎనభై దగ్గరపడ్డ మాస్టారిని యాప్ మార్చుకోమని నేను చెప్పలేను. ఇప్పటికే వచ్చి పడున్న మెయిళ్ళను ఏ యాప్ మార్చినా బాగుచేయలేం. అందుకని నేను అడిగింది ఇంతే: పక్కపక్కన ఉన్న ముక్కలు రెండూ ఒకే ఎన్‌కోడింగ్‌లో ఉంటే, ముందు బైట్లు కలపండి, ఆ తర్వాత అక్షరాలుగా మార్చండి. సరిగ్గా పంపినవాళ్ళ మెయిళ్ళకు దీనివల్ల ఏ నష్టమూ లేదు. ఆ ఒక్క వాక్యం దగ్గర చర్చ మలుపు తిరిగింది. కొంతకాలానికి పరీక్షా వెర్షన్లోకి వచ్చింది. వేరే ప్రొఫైల్లో ఆ వెర్షన్ పెట్టుకుని మాస్టారి పాత మెయిళ్ళన్నీ తెరిచి చూశాను. "విడత" మొత్తం కనిపించింది.

రెండోది వెతుకులాట. పేజ్‌మేకర్ అని రాసినప్పుడు "జ్" తర్వాత కంటికి కనిపించని గుర్తు ఒకటి ఉంటుంది. అది లేకపోతే "మ" వత్తై "జ" కిందికి పోతుంది. దాన్ని కొందరు పెడతారు, కొందరు పెట్టరు. నేను ఒకలా టైపు చేసి వెతికితే ఇంకోలా రాసిన మెయిళ్ళు రావు. సాఫ్ట్‌వేర్, ఫుట్‌నోట్, హార్డ్‌కవర్ అన్నింటికీ ఇదే తంటా. వెతికేటప్పుడు ఆ గుర్తును లెక్కలోకి తీసుకోవద్దని అడిగాను. రెండు నమూనా మెయిళ్ళు జతచేశాను. ఒకే మాట, గుర్తు ఉన్నది ఒకటి, లేనిది ఒకటి. దీనికి ఎవరూ అడ్డు చెప్పలేదు. పర్షియన్ రాసేవాళ్ళకూ ఇదే గుర్తుతో పని ఉంది, వాళ్ళ నుంచి కూడా మద్దతు వచ్చింది. తొందరగానే అయిపోయింది.

మూడోది న్యూస్‌గ్రూపుల కోసం. స్కోరింగ్ కావాలి. ఎస్ఎల్ఆర్ఎన్, గ్నుస్ లాంటి పాత న్యూస్‌రీడర్లలో ఇది ఎన్నో ఏళ్ళుగా ఉంది. సబ్జెక్టులో ఫాంట్‌స్పెక్ (టెక్‌లో ఫాంట్లు ఎంచుకునే ప్యాకేజీ) అని ఉంటే ఇన్ని మార్కులు, నా పోస్టుకు జవాబైతే ఇంకొన్ని, చెత్త పోస్టులు వేసేవాడిదైతే తీసివేత. అన్నీ కూడి ఎక్కువ వచ్చినవి పైకొస్తాయి. ఫిల్టర్లు ఉన్నాయి కదా అన్నారు. ఫిల్టర్ ఒకటే ప్రశ్న అడుగుతుంది, అవునా కాదా అని. నాకు అది చాలదు. నాకు పనికొచ్చే పోస్టు రోజూ ఒకరే వేయరు, ఒకే మాటతోనూ రాదు. నాలుగు చిన్న ఆనవాళ్ళు కలిస్తేనే తెలుస్తుంది. పొద్దున్న పనిలో కూర్చునే ముందు పావుగంటలో గ్రూపు చూసుకునేవాడికి ఆ కూడిక చాలా అవసరం. ఇది ఇంకా తెరిచే ఉంది. మార్కులు ఎక్కడ దాచాలి, రెండు కంప్యూటర్ల మీద వాడేవాళ్ళకు ఎలా కలపాలి అన్నదగ్గర ఆగింది. న్యూస్ వాడేవాళ్ళు తక్కువ కాబట్టి చేయి వేసేవాళ్ళూ తక్కువే. మీలో ఎవరికైనా సీ++ వచ్చి, న్యూస్‌గ్రూపులంటే ఇష్టముంటే ఇలాంటి వాటిని అందుకోండి. పరీక్షించి చూసే భారం మాలాంటివాళ్ళం మోస్తాం.

ఇప్పుడు నాలుగోది రాస్తున్నాను. ఒకే పోస్టును రెండు మూడు గ్రూపులకు కలిపి వేస్తారు. ఒకచోట చదివితే మిగతా చోట్ల కూడా చదివినట్టే చూపించాలి. ఆ పోస్టు ఏయే గ్రూపులో ఏ నంబరుతో ఉందో సర్వరే ఎక్స్‌రెఫ్ అనే హెడర్లో రాసి పంపుతుంది. అది చూసి మిగతా నంబర్లకు గుర్తు పెడితే చాలు. నమూనా పోస్టు సిద్ధం చేశాను. పాత అభ్యర్థనల్లో ఇదే ఉందేమో ఇంకొక్కసారి వెతికి, లేకపోతే ఈ ఆదివారం పెట్టేస్తాను.